విషము నేర్పిన పాఠము

వానకాలము ప్రవేశించి కంచెలును తుప్పలును పచ్చబడిన వెనుక, అడవుల అంచులయందును కొండవాలులయందును ఒక తీగ పైకి ప్రాకును. దాని ఆకుల కొనలే నులితీగలై దొరికిన కొమ్మనెల్ల చుట్టుకొనును. పూవు విరిసినపుడు ఆరు రేకులును అలలవలె మెలిదిరిగి పైకి లేచును. మొదట పసుపు, కొనయందు ఎరుపు. గాలికి కదలునపుడు మండుచున్న జ్వాలవలె తోచుటచేత దానికి అగ్నిశిఖ యని పేరు వచ్చినది. తెలుగునాట అడవినాభి యనియు, కలప్పగడ్డ యనియు కూడ పిలుచుదురు. దుంప నాగటివలె వంగియుండుటచేత సంస్కృత వైద్యులు దానిని లాంగలి యనిరి, లాంగలమనగా నాగలి. తమిళమున కలప్పై యన్నను నాగలియే. తమిళనాడు ఆ పూవును తన రాష్ట్రపుష్పముగా స్వీకరించినది.

అందము ఎంతయో విషమును అంత. ఆయుర్వేదము లాంగలిని ఉపవిషములలో చేర్చినది. దుంపను తినదగిన గడ్డయని పొరబడి తిని ప్రాణములు పోగొట్టుకొన్నవారి ఉదంతములు భారతదేశమునందును సింహళమునందును వైద్యుల పత్రికలకెక్కినవి. ఆ విషమున ప్రధానమైన పదార్థము పేరు కాల్చిసిన్.

ఇది పాము కాటువలె, తేలు కుట్టువలె తత్క్షణము బాధించు విషము కాదు. తినిన కొన్ని గంటలవరకు మనిషి స్వస్థముగనే యుండును. పిదప వాంతులును విరేచనములును మొదలగును. కొన్ని దినములకు ఎముకలలోని మూలుగ దెబ్బతిని రక్తకణములు తగ్గిపోవును. బ్రతికి బయటపడినవారికి ఒకటి రెండు వారములలో తలవెండ్రుకలు రాలుటయు కలదు. ప్రేవుల లోపలిపొర, ఎముకల మూలుగ, వెండ్రుకల కుదుళ్లు—ఈ మూడింటికిని సంబంధమేమి? దేహమున విరామము లేక కణములు చీలి క్రొత్త కణములగుచుండు తావులు ఇవి. విషము తన రహస్యమును తానే ఈ విధముగా సూచించినది. ఆ సూచనను గ్రహించుటకు మానవునికి శతాబ్దములు పట్టినది. గ్రహించిన పిమ్మట శాస్త్రజ్ఞులు ఆ విషమునే దివిటీగా పట్టి జీవకణములోనికి ప్రవేశించిరి. కణము తనకు వలసిన మాంసకృత్తును లెక్క చూచుకొని తయారుచేయుననియు, ఆ లెక్క తప్పినచో ప్రమాదము కలుగుననియు వారికి అచ్చట తెలిసినది.

మందుగా వచ్చిన విషము

కాల్చిసిన్ అను పేరు అగ్నిశిఖ మూలమున వచ్చినది కాదు. నల్లసముద్రపు తూర్పుతీరమున, నేటి జార్జియా దేశమునందు, పూర్వము కాల్కిస్ అను సీమ యుండెను. గ్రీకు పురాణములలో మందులమారిగా ప్రసిద్ధికెక్కిన మెడియా ఆ సీమ రాజపుత్రి. శరదృతువున ఆకులు లేకయే నేలనుండి ఊదారంగు పూలు పూయు ఒక మొక్కకు ఆ సీమ పేరుమీదుగా కాల్చికమ్ అను నామము కలిగినది. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున గ్రీకు వైద్యుడు డయాస్కొరిడీస్ దాని విషగుణమును వర్ణించెను. ఆరవ శతాబ్దమున ట్రాలిస్ నగరమునకు చెందిన అలెగ్జాండర్ అను వైద్యుడు ఈ జాతి దుంపను వాతరక్తమునకు, అనగా కాలి బొటనవ్రేలి కీలు వాచి నిప్పు తాకినట్లు బాధించు వ్యాధికి, మందుగా వాడెను.

1820లో ప్యారిస్ నగరమున పెల్లెటియే, కవాంటూ అను ఇరువురు రసాయనజ్ఞులు ఈ మొక్కనుండి సారమును వేరుచేసిరి. సింకోనా పట్టనుండి క్వినైనును అదే సంవత్సరమున వేరుచేసినవారును వీరే. అయినను తమకు లభించినది వేరొక మొక్కయందలి పదార్థమే యని వారు భ్రమించిరి. 1833లో జర్మనుడైన గైగర్ అది ప్రత్యేక పదార్థమని తేల్చి కాల్చిసిన్ అను పేరు పెట్టెను. వేరొక దేశమున, వేరొక ఋతువున, వేరొక రంగున పూయు అగ్నిశిఖయందును అదే పదార్థము కలదని తరువాత తెలిసినది. వృక్షశాస్త్రరీత్యా ఈ రెండు మొక్కలును ఒకే కుటుంబమునకు చెందినవి. నేడు తమిళనాడున రైతులు అగ్నిశిఖను పొలములలో పెంచి, దాని విత్తనములను మందుల పరిశ్రమకు అమ్ముచున్నారు.

ఆగిపోయిన విభజన

1889లో సిసిలీ ద్వీపమున, పలెర్మో నగరమునందు, పెర్నీచే అను వైద్యుడు కాల్చిసిన్ ఇచ్చిన కుక్కల ప్రేవులను సూక్ష్మదర్శినితో పరీక్షించెను. విభజన నడుమ నిలిచిపోయిన కణములు అందు మిక్కుటముగా కనబడెను. ఆయన ఆ సంగతి ప్రకటించెను గాని దానిని పట్టించుకొన్నవారు లేకపోయిరి. నలువదియైదేండ్ల పిమ్మట, 1934 ప్రాంతమున, బ్రస్సెల్స్ నగరమున డస్టిన్ అను ఆచార్యుడును ఆయన శిష్యులును అదే విషయమును మరల కనుగొని లోకము దృష్టికి తెచ్చిరి.

కణము రెండగుటకు ముందు తన క్రోమోసోములను రెట్టింపు చేసికొనును. పిదప ఆ జంటలు కణమధ్యమున వరుసదీరును. కణము రెండు ధ్రువములనుండియు సన్నని పోగులు పుట్టి, నూలు చుట్టిన కండె ఆకారమున అమరి, ఒక్కొక్క జంటను చెరియొక వైపునుండి పట్టుకొని విడదీసి లాగును. ఇరువైపులకు సమానముగా క్రోమోసోములు చేరిన వెనుక కణము నడుమ తెగును. కాల్చిసిన్ సోకిన కణమున క్రోమోసోములు యథాప్రకారము దళసరియై సిద్ధముగా నుండును; కాని కండె యుండదు. లాగు పోగులు లేనందున పెండ్లిపందిరిలో పురోహితుడు రాని పెండ్లివారివలె క్రోమోసోములు నిలిచిన తావుననే నిలిచియుండును.

ఉల్లిగడ్డ వేళ్లకొనలను కాల్చిసిన్ ద్రావణమున కొన్ని గంటలుంచి, రంగువేసి, గాజుపలకపై నలిపి చూచు ప్రయోగము కళాశాలలలో సుపరిచితము. 1938లో ఉల్లివేళ్లపై ఈ ప్రభావమును సవిస్తరముగా వర్ణించినవాడు స్వీడన్ దేశీయుడైన ఆల్బర్ట్ లెవాన్. ఆయన ప్రయోగశాలలోనే 1955 డిసెంబరులో జో హిన్ చియో అను శాస్త్రజ్ఞుడు మానవకణములను కాల్చిసిన్‌తో నిలిపి క్రోమోసోములను లెక్కపెట్టెను. అంతవరకు పాఠ్యగ్రంథములు 48 అనుచుండెను. లెక్కకు వచ్చినవి 46. ఆ సంగతి 1956లో ప్రకటితమైనది. మానవజాతి తన క్రోమోసోముల సరియైన సంఖ్యను తెలిసికొనుటకు ఒక విషము తోడ్పడవలసివచ్చినది.

వ్యవసాయమునకును ఈ విషము ఉపకరించినది. 1937లో అమెరికాలో బ్లేక్‌స్లీ, ఏవరీ అనువారు ఉమ్మెత్త మొదలగు మొక్కలపై కాల్చిసిన్ ప్రయోగించి, విడిపోక నిలిచిన క్రోమోసోములు ఒకే కణమున మిగిలి సంఖ్య రెట్టింపగునని చూపిరి. జపానున కిహారా ఈ మార్గముననే గింజలు లేని పుచ్చకాయను సాధించెను.

ఇటుకలు, గోడలు

పోగులు మాయమగుటకు కారణమేమి? 1967లో చికాగో విశ్వవిద్యాలయమున గేరీ బోరిసీ, ఎడ్విన్ టేలర్ అనువారు కాల్చిసిన్‌నకు రేడియోధార్మిక హైడ్రోజనుతో గుర్తు కట్టి, అది కణములో దేనిని అంటుకొనునో వెదకిరి. ఒక మాంసకృత్తునే అది గట్టిగా పట్టుకొనెను. ఆశ్చర్యమేమన, ఆ మాంసకృత్తు విభజన చెందు కణములలోనే కాక మెదడునందు సమృద్ధిగా నుండెను. మెదడులోని నాడీకణములు సామాన్యముగా చీలునవి కావు. కావున ఈ మాంసకృత్తు విభజనకొరకు మాత్రమే యున్నది కాదని తేలినది. 1968లో జపాను దేశీయుడైన మోహ్రి దానికి ట్యూబులిన్ అని పేరు పెట్టెను.

ట్యూబులిన్ ఇటుకవంటిది. ఆల్ఫా, బీటా అను రెండు భాగములు అతుకుకొని యొక ఇటుక యగును. ఈ ఇటుకలు వరుసగా పేర్చబడి, సామాన్యముగా అట్టి 13 వరుసలు ప్రక్కప్రక్కన చేరి, ఒక సూక్ష్మనాళిక యేర్పడును. దాని అడ్డుకొలత 25 నానోమీటర్లు. మూడువేల నాళికలను ప్రక్కప్రక్కన పరచినను తలవెండ్రుక మందమునకు మించవు. విభజనకాలమున ఈ నాళికలే కండె పోగులు. తక్కిన కాలమున ఇవే కణములోని బాటలు. వీనివెంటనే సరకులు ఒక తావునుండి మరియొక తావునకు చేరును. నాడీకణముల పొడవైన తంతువులలో ఈ బాటల అవసరము మరియు అధికము. అందుచేతనే మెదడున ట్యూబులిన్ సమృద్ధి.

ఈ గోడలు ఒకసారి కట్టి వదలివేసినవి కావు. ఒక కొనయందు ఇటుకలు చేరుచుండగా హఠాత్తుగా గోడ కూలి ఇటుకలు విడిపోవుట, మరల కట్టబడుట నిరంతరము జరుగుచుండునని 1984లో మిచిసన్, కిర్ష్‌నర్ అనువారు నిరూపించిరి. కాల్చిసిన్ ఆల్ఫా, బీటా భాగముల అతుకుననే చేరి కూర్చుండును. అట్టి ఇటుక వంకరతీరి వరుసలో అమరదు. పాతగోడలు కూలుచుండగా క్రొత్తవి లేవవు. కొంతసేపటికి కణమున గోడలన్నియు పోయి, విడి ఇటుకల కుప్పలు మిగులును.

బట్టీ ఎందుకు ఆగినది?

ఇచ్చటనే మాంసకృత్తుల ఉత్పత్తికి సంబంధించిన కథ మొదలగును. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థయందు బెన్-జీవ్, ఫార్మర్, పెన్‌మన్ అనువారు ప్రయోగశాలలో పెంచిన క్షీరదకణములకు కాల్చిసిన్ ఇచ్చి, కణము క్రొత్తగా తయారుచేయుచున్న మాంసకృత్తులను పరిశీలించిరి. తక్కిన మాంసకృత్తుల తయారీ యథాప్రకారము సాగుచుండగా ట్యూబులిన్ తయారీ మాత్రము కొన్ని గంటలలో క్షీణించెను.

దీనికి రెండు కారణములు ఊహింపవచ్చును. గోడలు కూలిపోవుటయే కణమునకు తెలిసి తయారీని ఆపినదా? లేక విడి ఇటుకలు పెరిగిపోవుటను చూచి ఆపినదా? కాల్చిసిన్ ప్రయోగమున ఈ రెండును ఒక్కసారియే జరుగును గనుక ఆ ప్రయోగము మాత్రమే చాలదు. అప్పుడు మరియొక మొక్క తోడు వచ్చినది. తెలుగువారి పెరళ్లలో తులసికోట ప్రక్కన పూయు బిళ్లగన్నేరునుండి లభించు విన్‌బ్లాస్టిన్ కూడ సూక్ష్మనాళికలను కూల్చును. కాని తగిన మోతాదున అది విడి ఇటుకలను స్ఫటికములవంటి ముద్దలుగా కట్టివేయును. అనగా గోడలును లేవు, వాడుకకు విడి ఇటుకలును లేవు. అట్టి కణమున ట్యూబులిన్ తయారీ తగ్గలేదు. ఇక టాక్సోల్ అను మరియొక వృక్షపదార్థము ఇటుకలను గోడలలోనే బిగించివేయును. అప్పుడు తయారీ పెరుగును. కావున కణము చూచునది గోడలను కాదు, కుప్పలను. పని తెలిసిన బట్టీ యజమాని ఊరిలో ఎన్ని ఇండ్లున్నవో లెక్కింపడు; తన కళ్లమున ఎన్ని ఇటుకలు మిగిలియున్నవో చూచి, కుప్ప పెరిగినచో మట్టి తొక్కుట ఆపించును.

1983లో డాన్ క్లీవ్‌లాండ్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును ఈ సంగతిని మరియొక విధమున రూఢిచేసిరి. వారు కాల్చిసిన్ వాడనే లేదు. శుద్ధిచేసిన ట్యూబులిన్‌ను సన్నని గాజుసూదితో సూటిగా కణములోనికి ఎక్కించిరి. ట్యూబులిన్ తయారీ వెంటనే తగ్గెను. విషము వలన కలిగినదని తోచిన మార్పు నిజమునకు కణము యొక్క స్వభావమే. విషము దానిని బయటపెట్టినది, అంతియే.

కేంద్రకము లేని కణము

తయారీని ఆపుట యెట్లు? మాంసకృత్తు తయారగు క్రమమును విద్యార్థులెరుగుదురు. కేంద్రకములోని జన్యువు మూలగ్రంథము. దానినుండి వార్తాహర ఆర్.ఎన్.ఏ. అను నకలుచీటి వ్రాయబడి కేంద్రకము వెలుపలికి వచ్చును. రైబోసోము ఆ చీటిని చదివి, అమినో ఆమ్లములను ఒక్కొక్కటిగా కూర్చి మాంసకృత్తును అల్లును. 1981లోనే క్లీవ్‌లాండ్, కిర్ష్‌నర్ ప్రభృతులు కాల్చిసిన్ సోకిన కణములలో ట్యూబులిన్ చీటీలు తగ్గిపోవుచున్నవని కనుగొనిరి. అయిన కేంద్రకము చీటీలు వ్రాయుట మానినదా, లేక వ్రాసిన చీటీలను వెలుపల ఎవరో చింపుచున్నారా?

ఈ ప్రశ్నకు సమాధానముగా 1985లో చేసిన ప్రయోగము సరళమైనది, సాహసమైనది. కణములనుండి కేంద్రకములనే తొలగించిరి. కేంద్రకము లేని కణము కొంతకాలము బ్రతికి, ఉన్న చీటీలతో మాంసకృత్తులను తయారుచేయగలదు. క్రొత్త చీటీలు మాత్రము వ్రాయలేదు. అట్టి కణములకు కాల్చిసిన్ ఇచ్చినను ట్యూబులిన్ తయారీ మునుపటివలెనే తగ్గెను. వ్రాయసకాడు లేని యింట చీటీలు తరిగిపోయిన, వానిని చింపువాడు ఇంటిలోనే యున్నాడనుట స్పష్టము.

నాలుగు అమినో ఆమ్లములు

చింపువాడు వేలకొలది చీటీలలో ట్యూబులిన్ చీటినే ఎట్లు గుర్తించును? చీటిమీది యేదో గుర్తును చూచునని అందరును భావించిరి. 1988లో క్లీవ్‌లాండ్ ప్రయోగశాలనుండి వెలువడిన ఫలితము ఆ భావనను తారుమారు చేసినది. బీటా ట్యూబులిన్ సుమారు 450 అమినో ఆమ్లముల మాల. దాని మొదటి నాలుగు మెథియొనిన్, ఆర్జినిన్, గ్లుటామిక్ ఆమ్లము, ఐసోల్యూసిన్. ఒకే అమినో ఆమ్లమునకు చీటిలో ఒకటికంటె ఎక్కువ విధముల వ్రాతలుండవచ్చును. పరిశోధకులు వ్రాతను మార్చి అమినో ఆమ్లములను మార్చక యుంచిరి. చీటి మునుపటివలెనే చింపబడెను. అమినో ఆమ్లములను మార్చిరి. అప్పుడు చీటి చింపబడలేదు. కావున గుర్తింపబడునది చీటి కాదు. ఆ చీటినిబట్టి అప్పుడప్పుడే అల్లబడుచు రైబోసోము గవాక్షమునుండి తల బయటపెట్టుచున్న మాంసకృత్తు మొదలు.

తరగతిలో బాలుడు పద్యమెత్తుకొనగనే మొదటి నాలుగక్షరములు విని అది యే పద్యమో గుర్తించి, 'నిన్న అప్పగించినదే గదా, చాలు' అని కూర్చుండబెట్టు ఉపాధ్యాయుని దీనితో పోల్చవచ్చును. భేదమొక్కటే: ఇచ్చటి ఉపాధ్యాయుడు బాలుని ఆపుటతో తృప్తిపడక పుస్తకమును కూడ చింపివేయును.

ఆ ఉపాధ్యాయుడెవడో తెలియుటకు మరి మూడు దశాబ్దములు పట్టెను. 2020లో కేంబ్రిడ్జిలోని అణుజీవశాస్త్ర ప్రయోగశాలయందు రామానుజన్ హెగ్డే బృందము, హార్వర్డుకు చెందిన మిచిసన్ ప్రభృతులతో కలిసి, టి.టి.సి.5 అను మాంసకృత్తును పట్టుకొనెను. విడి ట్యూబులిన్ అధికమైనపుడు ఇది రైబోసోము చెంత చేరి, వెలువడుచున్న ట్యూబులిన్ మొదటి భాగమును గుర్తించును. ఇది లేని కణములకు కాల్చిసిన్ ఇచ్చినను ట్యూబులిన్ చీటీలు నశింపలేదు. 2023లో అదే ప్రయోగశాల తరువాతి మెట్టును చూపినది. టి.టి.సి.5 స్కేపర్ అను మరియొక మాంసకృత్తును పిలుచును. స్కేపర్ చీటి తోకను కొరికివేయు యంత్రాంగమును రప్పించును. తోక తెగిన చీటి నిలువదు.

లెక్క తప్పిన కణము

ఇటుకలు కొన్ని ఎక్కువైన నష్టమేమని తోచవచ్చును. 2020 నాటి పరిశోధనలోనే దీనికి సమాధానము కలదు. టి.టి.సి.5 పనిచేయని కణములు విభజనకాలమున పొరపాట్లు చేసినవి. క్రోమోసోములు వరుసదీరుటలోను, ఇరువైపులకు చేరుటలోను తప్పులు పెరిగినవి. కండె పోగులు కట్టబడుటయు కూలుటయు విడి ట్యూబులిన్ పాళ్లపై నాధారపడినవి గనుక, పాలు మారినచో పోగుల నడకయు మారును. ఒక క్రోమోసోము ఎక్కువైనను తక్కువైనను కలుగు హాని స్వల్పము కాదు. 21వ క్రోమోసోము ఒకటి అధికముగా నుండుటయే డౌన్ లక్షణములకు కారణమని 1959లోనే వెల్లడియైనది.

మనుష్యులయందును దీనికి సాక్ష్యము కలదు. టి.టి.సి.5 జన్యువు రెండు ప్రతులును చెడిన బిడ్డలకు మెదడు నిర్మాణమున లోపములును, బుద్ధివికాసమున మాంద్యమును కలుగుటను వైద్యులు గుర్తించిరి. స్కేపర్ జన్యువు చెడిన కుటుంబములలో బుద్ధిమాంద్యముతోపాటు కంటితెర క్రమముగా క్షీణించు వ్యాధియు కనబడినది. ఈ జన్యువులకు వేరు పనులును ఉండవచ్చును గనుక, ఈ బాధలన్నియు ట్యూబులిన్ లెక్క తప్పుటవలననే కలిగినవని తొందరపడి చెప్పరాదు. అయినను కాల్చిసిన్ ప్రయోగములలో వెలికివచ్చిన పేర్లు పసిబిడ్డల వ్యాధుల పట్టికలో మరల కనబడుట సామాన్యవిషయము కాదు. అడవితీగ విషముతో మొదలైన ప్రశ్న ఒక తల్లి ఒడిలోని బిడ్డ దాకా వచ్చినది.

రెండు హెచ్చరికలు

ఈ విషయమును బోధించునపుడు రెండు సంగతులు మరువరాదు. మొదటిది: విభజన ఆగుట వేరు, ట్యూబులిన్ తయారీ ఆగుట వేరు. విభజన నడుమనున్న జంతుకణమున మాంసకృత్తుల తయారీ మొత్తముమీద మందగించుట సహజము. కాల్చిసిన్ వంటివానితో అట్లు నిలిచిపోయిన కణములయందును ఆ మాంద్యము కనబడును. అది అన్ని మాంసకృత్తులకును వర్తించునది. పైన వివరించినది ట్యూబులిన్ ఒక్కదానికే పరిమితమైన కట్టుబాటు. విభజన చెందని సమయమునను అది పనిచేయును. అట్లే, కాల్చిసిన్ బాటలను కూల్చుటచేత తయారైన మాంసకృత్తులు కణము వెలుపలికి పోలేక నిలిచిపోవుటయు కలదు. క్లోమమునుండి ఇన్సులిన్ విడుదల ఈ విధముగా కుంటుపడునని 1968లోనే సూచింపబడినది. అచ్చట లోపము తయారీలో కాదు, రవాణాలో. తయారీ, నిలువ, రవాణా అను ఈ మూడింటిని కలగాపులగము చేసినచో విద్యార్థికి ఏదియు అర్థము కాదు.

రెండవది: కాల్చిసిన్ నేటికిని మందే. అమెరికా ప్రభుత్వ ఔషధ పరిపాలన శాఖ 2009లో దానిని వాతరక్తమునకును, 2023లో దినమునకు 0.5 మిల్లీగ్రాముల మోతాదున కొందరు హృద్రోగులకును అంగీకరించినది. తెల్లరక్తకణముల చొరవను తగ్గించి వాపును అణచుటయే అచ్చట దాని పని. కాని మేలుచేయు మోతాదునకును చంపు మోతాదునకును నడుమ దూరము మిక్కిలి తక్కువ. దీనికి సిద్ధమైన విరుగుడును లేదు. అగ్నిశిఖ దుంపను గాని గింజను గాని ఇంటివైద్యమునకు వాడుట మృత్యువును పిలుచుట. బడిపిల్లలకు ఆ పూవును చూపునపుడు ఈ మాట ముందు చెప్పి, పిమ్మట దాని అందమును గూర్చి చెప్పవలెను.

పెర్నీచే సూక్ష్మదర్శినిలో చూచిన 1889కిని స్కేపర్ సంగతి వెల్లడియైన 2023కిని నడుమ 134 సంవత్సరములు. ఆ పొడవున ఏ ఒక్కరును కథ నంతయు ఎరుగరు. కుక్క ప్రేవులను చూచినవాడు ట్యూబులిన్ పేరు వినలేదు. ఉల్లివేళ్లను నలిపినవాడు రైబోసోము గవాక్షమును ఊహింపలేదు. ప్రతివాడును తన ముందున్న చిన్న ప్రశ్నకు సమాధానము వ్రాసి, మిగిలిన ప్రశ్నను తరువాతివానికి అప్పగించి పోయెను. పెర్నీచే వ్రాతను నాడెవ్వరును చదువలేదు. అయినను అది నిజము గనుక నిలిచినది.

ఇప్పుడును ఒక ప్రశ్న మిగిలియే యున్నది. కళ్లములో ఇటుకల కుప్ప పెరిగినదని టి.టి.సి.5కు తెలియజేయు వార్త ఎట్లు చేరుచున్నది? ఉల్లివేళ్లను గాజుపలకపై నలుపుచు, నిలిచిపోయిన క్రోమోసోములను తొలిసారి చూచి ఆశ్చర్యపడు విద్యార్థులలో ఎవరైనను ఒకనాడు ఇట్టి ప్రశ్నను చేపట్టవచ్చును. వానలు వెలిసిన వెనుక కంచెమీద జ్వాలవలె ఊగు ఆ పూవు అంతవరకు ప్రతి యేటను పూయుచునే యుండును.